నలభై నిమిషాల తెలుపు

మామయ్య తీసిన సినిమాలో మనుషులు లేరు, మాటలు లేవు. నలభై నిమిషాల పాటు తెరమీద తెల్లగా ఏదో తిరుగుతూ ఉంటుంది. లేస్తుంది, కూలబడుతుంది, మళ్ళీ లేస్తుంది. మధ్యలో ఒక నల్లటి ఉబ్బు కనిపించి మాయమవుతుంది. వెనకాల ధబ్ ధబ్‌మని ఒకటే చప్పుడు.

అదేమిటో ఆ హాల్లో ముగ్గురికే తెలుసు. మామయ్యకి, అమ్మకి, నాకు. అమ్మ పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో, పెద్ద మిషన్ గుండ్రటి అద్దం వెనక తిరిగే దుప్పట్లు అవి. మాసిన మూటలు వచ్చే వెనక తలుపులోంచి మూడు ఆదివారాలు అమ్మ మామయ్యని లోపలికి రానిచ్చింది. బయటివాళ్ళు రాకూడదని ఆ తలుపుమీదే రాసి ఉంటుంది. పోయిన ఏడాది అమ్మతో పనిచేసే ఆవిడ, క్యారేజీ తెచ్చిన భర్తని లోపలికి పిలిచి కాసేపు కూర్చోబెట్టింది. మర్నాటి నుంచి ఆవిడకి పని లేదు.

"అద్దం ఒక్కటే తీస్తానక్కా. ఏ ఊరి అద్దమో ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు మామయ్య అప్పుడు.

ఆదివారం మధ్యాహ్నం, లైబ్రరీ మేడమీది హాల్లో ప్రదర్శన. ఫిల్మ్ క్లబ్బు వాళ్ళు డెబ్భై కుర్చీలు వేశారు. లైట్లు ఆర్పబోతుండగా అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. మూడో వరసలో భార్య పక్కన లాండ్రీ సూపర్‌వైజర్ కూర్చుని ఉన్నాడు.

"వెళ్ళిపోదామా?" అన్నాను.

"లేస్తే చూస్తాడు. కదలకు."

అమ్మ ఎంత గట్టిగా పట్టుకుందో అమ్మకే తెలియదు. బ్లీచింగు నీళ్ళలో నాని ఆ వేళ్ళ కొసలకి స్పర్శ పోయి చాలా కాలమైంది. నేను వదలమనలేదు.

పది నిమిషాలకి వెనక నుంచి ఒకడు అరిచాడు. "అన్నా, ప్రొజెక్టర్ మీద గుడ్డ తియ్యి!"

"నోరు ముయ్యవయ్యా, చూడనివ్వు," అని ఒక పెద్దాయన కసిరాడు.

"ఏం చూస్తారు తాతగారూ? సున్నం కొడుతుంటే గోడ చూసినట్టుంది!"

నవ్వులు. ఇరవై మంది దాకా లేచి వెళ్ళిపోయారు. కుర్చీ చప్పుడైన ప్రతిసారీ అమ్మ కాస్త ఊపిరి వదిలేది. ముందు వరసలో మామయ్య తల ఇంకాస్త కిందికి దిగేది. ఎవరి కోసం ఏం కోరుకోవాలో నాకు తోచలేదు. తెర అంచునే చూస్తూ కూర్చున్నాను.

సినిమా అయ్యాక చర్చ పెట్టారు. "ఇది శూన్యం," అన్నాడు ఒక డ్రాయింగు మాస్టారు. "ఆ నల్లటిది పుట్టుక. నా జీవితంలో ఇలాంటిది చూడలేదు."

"చూడకపోవడం మీ అదృష్టం," అంది కుట్టుపని చేసే ఒకావిడ. "నా కళ్ళు పీకేసినట్టుంది. మా ఇంట్లో గోడ చూసినా ఇంతేగా?"

"గోడని ఎప్పుడైనా సరిగ్గా చూశారా అమ్మా?"

"ఏం, మీ ఇంటికి గోడల్లేవా?"

ఇంకొకామె తనకి ఏడుపొచ్చిందని, ఎందుకో తెలియదని చెప్పింది. పక్కనున్న భర్త, "కళ్ళజోడు మార్చుకోమని మొత్తుకుంటూనే ఉన్నాను," అన్నాడు. సూపర్‌వైజర్ బుగ్గ గీక్కుంటూ అన్నీ వింటున్నాడు.

అప్పుడు చివరి వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. "నాకు పెద్ద మాటలు రావు బాబూ. అవి దుప్పట్లు కదూ? మిషన్‌లో తిరుగుతున్నాయి. హోటల్లో ఇరవై ఆరేళ్ళు ఉతికాను నేను. ఆ నల్లటిది పుట్టుకా కాదు, పాడూ కాదు. తడిసిన దుప్పటి ముదురు రంగు దిండు గలీబుని మింగేస్తే అలాగే ఉబ్బుతుంది. బరువంతా ఒక పక్కకి పోతే ఆ చప్పుడు వస్తుంది." సంచీ ఇంకో చేతికి మార్చుకుంది. "కానీ ఎంత బాగుందో. అన్నేళ్ళు దాని ముందే నిలబడ్డాను, ఒక్కనాడూ చూడలేదు."

హాలంతా నవ్వింది. నచ్చినవాళ్ళూ నచ్చనివాళ్ళూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే. సూపర్‌వైజర్ మాత్రం నవ్వలేదు. తల పక్కకి వంచి, ఖాళీ తెరవైపు చూశాడు.

"తీసినాయన్నే అడుగుదాం," అన్నాడు క్లబ్బు కార్యదర్శి. "ఏమండీ, దుప్పట్లేనా?"

మామయ్య లేచాడు. రెండేళ్ళుగా మామయ్య ఇంట్లో అంటున్నది ఒకటే మాట, అందులో ఉన్నదాన్ని ఉన్నట్టు ఒక్కరు చూస్తే చాలని. ఆ ఒక్కరు సంచీ పట్టుకుని చివర్న నిలబడి ఉన్నారు. మామయ్య ఆవిడని చూశాడు. తర్వాత అమ్మని చూశాడు. అమ్మ ఒళ్ళో చేతులు చూసుకుంటోంది.

"కాదండీ," అన్నాడు. "పాలలో రంగు కలిపి తీశాను."

"అలాగా నాయనా. కళ్ళు మసకలు నాకు. ఏమీ అనుకోకు," అని ఆవిడ కూర్చుంది. డ్రాయింగు మాస్టారు చప్పట్లు మొదలుపెట్టాడు.

మెట్ల దగ్గర మామయ్యతో నిలబడ్డ అమ్మని చూసి సూపర్‌వైజర్ ఆగాడు. "ఏమ్మా, నీ తమ్ముడా? ఆ చప్పుడు వింటే మన ఆరో మిషనే అనుకున్నా సుమా! అన్ని పాలూ పారబోశాడా?"

"అవును సార్."

"రేపు పెందలాడే రా. ఆ ఆరోది మళ్ళీ మొరాయిస్తోంది."

అతను దిగిపోయాక మామయ్య నా దగ్గరికి వచ్చాడు. "పిల్లా, ఆవిడ వెళ్ళిపోతోంది. పరిగెత్తు. మీరు చెప్పిందే నిజమని చెప్పు. చెవిలో చెప్పు."

బస్‌స్టాప్‌లో ఆవిడ నిలబడి ఉంది. రెండడుగుల దూరంలో సూపర్‌వైజర్, స్కూటర్ స్టార్ట్ కాక కిక్కు కొడుతున్నాడు. భార్య సంచీతో పక్కనే ఉంది. నేను ఆవిడ పక్కన నిలబడ్డాను.

"నువ్వూ చూశావా తల్లీ ఆ సినిమా?" అని ఆవిడే అడిగింది. "నీకేం కనిపించింది?"

కిక్కు చప్పుడు ఆగింది.

"పాలు," అన్నాను.

"అంతేలే. నీవి లేత కళ్ళు," అని ఆవిడ నా భుజం తట్టింది. బస్సు వచ్చింది. ముందు సంచీ పెట్టి, తర్వాత తను ఎక్కింది.

నేను పైకి వచ్చేసరికి మామయ్య వైరు చుడుతున్నాడు.

"చెప్పావా?"

"ఊ."

"ఏమంది?" మధ్యాహ్నం నుంచి మొదటిసారి మామయ్య మొహంలోకి కాస్త రంగు వచ్చింది.

"బస్సు వచ్చేసింది," అన్నాను.