కొడవలి తర్వాత కొంగమెడ

కంచాలు పెట్టాలంటే ముందు హీబ్రూ తీయాలి. పంతొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఇదే వరస. కాలేజీలో హీబ్రూ పాఠాలు చెప్పి ఇంటికొచ్చాక, ఒక్కో మాటకి ఒక్కో అట్టముక్క చొప్పున నిఘంటువు రాస్తాను. మా ఆయనకి రాతబల్ల ఉన్న గది ఉంది. అందులో పేపరు చదువుకుంటారు. నాకు భోజనాల బల్ల ఉంది, ఎవరూ తిననప్పుడు. "ఆ అట్టముక్కలు కాస్త తీస్తావా, ఆకలేస్తోంది" అంటారు రోజూ. కోపంగా కాదు. కోపమైతే ఎదురు చెప్పడం తేలికయ్యేది.

మొదటి సంపుటం అచ్చుకిస్తానని మూడుసార్లు మాటిచ్చి తప్పాను: పాప పుట్టినప్పుడు, ఆయన బదిలీకి, అత్తయ్య మోకాలి ఆపరేషన్‌కి. ఈసారి సోమవారం మధ్యాహ్నం దాటితే పని ఇంకొకరికి అప్పగిస్తానంది ప్రెస్సు ఆవిడ.

ఆదివారం కూరలు తెచ్చేసరికి బల్ల ఖాళీగా, అద్దంలా మెరుస్తోంది. సాయంత్రం ఆయన ఆఫీసు స్నేహితులు వస్తున్నారు.

"నీకు శ్రమ తగ్గుతుందని నేనే సర్దేశాను. అన్నీ వెనకనుంచి ముందుకి పేర్చావేమిటి? సైజుల వారీగా కట్టలు కట్టాను."

హీబ్రూ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. నా పెట్టెలూ అంతే. పన్నెండు వందల ముక్కలు వరస తప్పి రబ్బరు బ్యాండ్లలో బిగుసుకుని ఉన్నాయి. మెచ్చుకుంటానేమోనని ఆయన చూస్తున్నారు. "థాంక్స్" అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. కట్టలు కొన్ని కనిపించడం లేదు. వాటి కోసం వెతుకుతూ, ప్రెస్సు నంబరు నొక్కుతూ అత్తయ్య గదిలోకి వెళ్లాను.

అవి ఆవిడ మంచం మీద పరిచి ఉన్నాయి.

"ఎవరికే ఫోను?" అంది అత్తయ్య.

"ప్రెస్సుకి. ఇంకో నెల అడుగుదామని."

"పెట్టేయ్. వాడు సర్దుతుంటేనే అనుకున్నా, కొంప ముంచుతున్నాడని. ఇదిగో, ఇది చిటికెనవేలు. తర్వాత కొడవలి. కొడవలి తర్వాత కొంగమెడ. అవునా?"

ఆ ఆకారాల హీబ్రూ అక్షరాలు యోద్, కాఫ్, లామెద్. అక్షరాలా అదే వరస.

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తూ ఇన్నేళ్లు చూడలేదూ? చదవడం రాదు గానీ, ఏది దేని పక్కన కూర్చుంటుందో తెలుసు. పెళ్లిలో చుట్టాల్లాగే."

ఫోను పెట్టేశాను. మంచం చాలలేదు. ముక్కలన్నీ తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాం. అక్షరాలు ఆవిడ విడదీస్తుంటే, మాటలు నేను వరసలో పెట్టాను.

అయిదవుతుండగా ఆయన వచ్చారు. "వాళ్లొచ్చేస్తారు, కాస్త తీస్తావా?"

"తీయను. మీ గదిలో బల్ల ఉందిగా."

ఆయన వాళ్లమ్మ వైపు చూశారు.

"పేపర్లు తీసేస్తే పదిమందికి సరిపోతుందిరా" అందావిడ, తలెత్తకుండానే.

ఆయన వెళ్లి తన బల్ల మీది పేపర్లు తీసేశారు. తర్వాత కంచాలు తనే తీసుకెళ్లారు.

సోమవారం పదకొండున్నరకి పెట్టెలు ప్రెస్సులో ఇచ్చాను. రెండో సంపుటం నడుస్తోంది. మా ఇంట్లో ఇప్పుడు చోటు వెతుక్కునేవి కంచాలు.