తోక తెగిన వాక్యం

తెలుగు వాక్యానికి ప్రాణం చివర ఉంటుంది. ఔనో కాదో తేలేది అక్కడే. ఆ సంగతి మమతారాణికి తెలియనిది కాదు. లక్సెట్టిపేటలోని ఇంటి నుంచే ఆమె ఒక వార్తాసంస్థకు కోడ్ రాసేది. ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో వచ్చే పోలీసు ప్రకటనల నుంచి, అక్షరాల రూపును చెప్పే ట్యాగులనే గుర్తులను ఒలిచి, లోపలి మాటలను జనం ఫోన్లకు పంపడం ఆ కోడ్ పని.

ఆ ఉదయం వీధిలో కేకలు విని కిటికీ తెరిచింది. ఇంటింటా వెంట్రుకలు కొని స్టీలు గిన్నెలిచ్చే ముసలి సిద్దిరాములును ఒక గుంపు నేల మీద పడవేసి కర్రలతో బాదుతోంది. నుదురు చిట్లి, నెత్తురు కంటిలోకి కారుతోంది. గిన్నెలు మురుగు మోరీలోకి దొర్లాయి.

"పోరగాండ్లను ఎత్కపోతవా, లంగోడా? గీ మూటల్నేనా కుక్కుతవు?" అంటూ గుంపు ముందున్న పరశురాములు ముసలివాని మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు కిటికీ దాకా వచ్చింది.

"నేను గాదు కొడుకా... మీ అవ్వకు గిన్నెలిచ్చినోణ్ని..."

"మా అవ్వ పేరెత్తుతవా?" మళ్లీ కొట్టాడు.

మమతారాణి తన ఫోన్ చూసింది. ఆమె కోడ్ పంపిన వాక్యం అందులో ఉంది: 'పిల్లలను ఎత్తుకుపోతున్నది వెంట్రుకలు కొనే సిద్దిరాములు'. అసలు ఫైలు తెరిచింది. ఆ పేరు తరువాత మరొక ట్యాగు ఉంది. జనం కంటబడాలని, ప్రకటన రాసినవారు అక్కడి నుంచి అక్షరాలను లావు చేశారు: 'అన్న మాట పచ్చి అబద్ధం'. లోపల మరొక ట్యాగు ఎదురైతే ఆమె కోడ్ అక్కడితో ఆగిపోతుంది. కనబడాలని లావు చేసిన మాటే కనబడకుండా పోయింది.

లోపలి ట్యాగులలోని మాటలనూ కలిపేలా కోడ్ సవరించి, ప్రకటనను మళ్లీ పంపి, చెప్పులైనా తొడగక వీధిలోకి పరుగెత్తింది. ముసలివాని మీద అడ్డంగా పడింది.

"ఆగుండ్రి! ఫోన్లు సూడుండ్రి!"

ఎవడి కర్రో ఆమె భుజం మీద దిగింది. జేబులలో ఫోన్లు మోగుతున్నా ఎవరూ తీయలేదు. చివరకు వెనుకనున్న కైలాసం తీసి, పూర్తి వాక్యాన్ని బిగ్గరగా చదివాడు. కర్రలు ఆగాయి.

"మరి పొద్దుగాల సగమే ఎట్ల వచ్చిందే?" పరశురాములు అడిగాడు.

"తప్పు నాదే అన్నా, కోడ్ నేనే రాసిన. జర ఆటో పిలువుండ్రి, పానం పోతుంది."

పరశురాములు తన కర్రకు అంటిన నెత్తురు చూశాడు. ఆ పాపాన్ని మోయలేని చేయి, దానిని దింపుకోవడానికి మరొక తలను వెదికింది.

"గట్లయితే మాతోని కొట్టిచ్చింది నువ్వా?"

గుంపు మళ్లీ దగ్గరైంది. ఆమె లేవలేదు, రెండు చేతులతో ముసలివాని తలను కప్పింది. మొదటి దెబ్బ ఆ వేళ్ల మీదే పడింది.