వీధి వైపు వెడల్పు

నా రాతలో తప్పులుంటాయి, క్షమించండి. మా ఆయన పోయాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. వొత్తులు నా మాట వినవు. ఒక్కో వాక్యం ముగిసేసరికి పక్కనున్న టీ చల్లారిపోతుంది. అయినా ఈ కథ నేను రాయకపోతే రాసేవాళ్లు లేరు.

గన్నర్ గారు ఇరవై ఆరేళ్లు యుద్ధనౌకలో, ఫిరంగి ఉండే ఉక్కు బురుజులో పనిచేశారు. ఫిరంగితోపాటు ఆ గది మొత్తం తిరుగుతుంది. బయటికి చూడ్డానికి బెత్తెడు సందు తప్ప ఏమీ ఉండదు. అన్నేళ్లలో ఆయన ఒక్క శత్రువును కూడా చూడలేదు. రిటైరయ్యాక శత్రువులు ఇంటికే వస్తారని నమ్మడానికి బహుశా అదే కారణం.

స్థలం కొన్నారు. కోటల పుస్తకం ముందేసుకుని ప్లాను స్వయంగా గీశారు. రెండడుగుల మందం గోడలు, మేడ మీద గుండ్రటి బురుజు.

బురుజుతో ఆయన భార్యకు పేచీ లేదు. ఆమె అడిగింది ఒక్కటే, వంటగదికి వీధి వైపు కిటికీ. కాపురానికి వచ్చిన నాటి నుంచి రేవు క్వార్టర్లలో గోదాం గోడకేసి చూస్తూ వండింది. ఇక మీదటైనా మనిషి ముఖం చూస్తూ కూర తరుక్కోవాలని ఆశ.

"కిటికీ అంటే దొంగకి శుభలేఖ," అన్నారు గన్నర్ గారు.

"దొంగకి మనింట్లో ఏం దొరుకుతుందండీ, మీ యూనిఫాం గుండీలు తప్ప?"

"కోటల్లో విలుకాళ్లకి పెట్టేవాళ్లే, అలాంటి సందు పెట్టిస్తాను. మోకాలెత్తు నుంచి తలెత్తు దాకా. బయటికి గ్లాసు పట్టేంతే. లోపలికి వచ్చేకొద్దీ వెడల్పు. వీధంతా మనకి కనబడుతుంది, వీధికి మనం కనబడం."

"కనబడాలనే కదా నా ఏడుపు!"

ఆ మాట గోడకు చెప్పినట్టే అయింది, గోడ ఇంకా లేవకపోయినా.

వంటగది గోడ లేస్తున్న రోజు గన్నర్ గారు పెరట్లో ముగ్గు పోసి బురుజుకు కొలతలు వేసుకుంటున్నారు. ఇటు మేస్త్రీ కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మా, ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు గీశారు. వీధి పక్క ఏది? సారుని అడిగి రానా?"

"ఆయన్ని కదపకు. వెడల్పు వీధి వైపు," అందామె, కూరలో ఉప్పు వేసినంత తేలిగ్గా.

పరంజా విప్పేసరికి వీధి వైపు గోడలో ఒక గూడు తేలింది. నున్నటి అరుగు, చల్లటి నీడ, సరిగ్గా ఒక మనిషి పట్టేంత చోటు. గంట తిరక్కుండానే ఎదురింటి దర్జీ పిన్ని కాజాలు కుట్టుకుంటూ అందులో కూర్చుంది.

"ఏమ్మాయ్, లోపలున్నావా?"

"ఉన్నా పిన్నీ! వెనక్కి ఆనుకో, గోడ మనదే."

అన్నాళ్లూ బురుజు పని మీదే ఉన్న గన్నర్ గారు దిగొచ్చి చూసి కందగడ్డయ్యారు. "ఇది శత్రువుకి వేసిన పీట! మేస్త్రీ, పగలగొట్టు!"

"పగలగొడితే మీ బురుజు కిందికొచ్చి కూర్చుంటుంది సార్. దాని బరువంతా ఈ గోడ మీదే ఉంది," అన్నాడు మేస్త్రీ.

ఆయన అలిగి బురుజెక్కారు. గుండ్రటి గదిలో మంచం ఏ గోడకూ ఆనలేదు. ఓడలో అయితే ఎండ ముఖాన పడితే గదినే తిప్పేవాళ్లు. ఇది తిరగదు. కింద నుంచి నవ్వులు వినబడేవి గాని, నవ్వించిన మాట వినబడేది కాదు.

తొమ్మిదో రోజు తట్టుకోలేక దిగారు. గూట్లో పిన్ని ఉంది. పోస్ట్‌మ్యాన్ పక్కన నిలబడి ఉన్నాడు.

"అతని తర్వాత మీరు," అంది పిన్ని.

"ఇది నా ఇల్లు!"

"ఇల్లు మీదే అల్లుడుగారూ. వరస మాది."

వంతు వచ్చాక ఆయన బిగుసుకుని కూర్చున్నారు. సందులోంచి టీ గ్లాసు బయటికొచ్చింది.

"ఏమిటండీ కబుర్లు?"

ఆయన గ్లాసు అందుకుని సందులోకి తొంగిచూశారు. "లోపల ఎలా ఉంది?" అన్నారు.

"ఇరుగ్గా, చీకటిగా. వెడల్పంతా మీ వైపే పోయిందిగా. మీకు అలవాటే కదా, చోట్లు మారుదామా?"

మర్నాటి నుంచి సాయంత్రాలు ఆవిడ గూట్లో కూర్చుని వీధి ముఖాలన్నీ తనివితీరా చూస్తోంది. లోపల గన్నర్ గారు ఉల్లిపాయలు తరుగుతున్నారు. మొదటి రోజు సందులోంచి ఒక కేక వినిపించింది.

"కారం ఎంత వెయ్యాలి?"

ఇరవై ఆరేళ్ల కొలువు తర్వాత సందులోంచి ఆయన పేల్చిన మొదటి గుండు అదే.

ఇట్లు, ఎదురింటి దర్జీ పిన్ని. వయసు డెబ్బై మూడు. ఇప్పటికీ అదే ఎదురింట్లో ఉంటున్నాను. గూట్లో నా వంతు ఐదింటికి.