తెలిసినవాళ్ల గది

హర్షిణి తన జబ్బు సంగతి వార్డెన్ కంటే ముందు హాస్టల్ గదిలో తనతో ఉండే ఇద్దరికీ చెప్పింది. బందరులో అంతకంటే భద్రమైన చోటు ఆమెకు తోచలేదు. ప్రీతి, శ్రీవిద్య, ఆమె కలిసి క్షయవ్యాధి మీద ఎన్.ఎస్.ఎస్. తరఫున నాటిక ఆడుతున్నారు. రాసింది ప్రీతి. రోగిని దూరం పెట్టవద్దని ప్రీతి చెప్పే చివరి మాటలకు గుడివాడలో అధ్యాపకులు కూడా లేచి చప్పట్లు కొట్టారు.

మెడ పక్కన లేచిన గడ్డను పరీక్షించి డాక్టరు గ్రంథి టీబీ అన్నారు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదనీ, ఇది మరొకరికి అంటదనీ, ఆరు నెలలు మాత్రలు మానకూడదనీ కాగితం మీద రాసిచ్చారు.

"ఓస్, గ్లాండ్ టీబీయేగా," అంది ప్రీతి. "అది అంటదే. మన స్క్రిప్టులోనే ఉంది."

ఆ గదిలో ఆదివారం మధ్యాహ్నం ఒక అలవాటు ఉంది. వేడన్నంలో ఆవకాయ, నెయ్యి వేసి బేసిన్‌లో కలిపి, ఒకరు ముద్దలు చేసి మిగతావాళ్ల చేతుల్లో పెడతారు. కలిపే చెయ్యి ఎప్పుడూ హర్షిణిదే. ఆ ఆదివారమూ ఆమే కలిపింది. శ్రీవిద్య ఆకలిగా లేదంది. ప్రీతి చెయ్యి చాపలేదు, కంచం చాపింది. కంచంలో పడిన ముద్దను వేలితో అటూ ఇటూ జరుపుతూ ఫోన్ మాట్లాడింది. మాట్లాడుతూనే లేచి వెళ్లిపోయింది. మిగిలిన అన్నమంతా హర్షిణి తినేసింది. పారేస్తే దేన్నో ఒప్పుకున్నట్టవుతుందనిపించింది.

ఆ వారంలోనే, హర్షిణి సంగతి చెప్పాక, వార్డెన్ కనకదుర్గ ముగ్గురినీ పిలిపించింది. డాక్టరు రాసిన కాగితం శ్రద్ధగా చదివింది.

"గదిలో వాళ్లకు అభ్యంతరం లేకపోతే నాకూ లేదమ్మా. వేరే గది మాత్రం ఖాళీ లేదు."

హాస్టల్ వదిలితే హర్షిణి వెళ్లవలసింది నాగాయలంక అవతలి ఊరికి. ముందు ఆరోగ్యం అని తండ్రి మధుసూదనరావు తిరిగి పంపడు, చివరి సెమిస్టరు పరీక్షలు పోతాయి. ఆ సంగతి ప్రీతికీ, శ్రీవిద్యకూ తెలుసు.

"మాకేం అభ్యంతరం ఉంటుందండీ," అంది ప్రీతి. "అంటదని మాకు తెలుసు. మా అమ్మావాళ్లకు తెలియదు కదండీ. భయపడతారు."

"వాళ్లకు చెప్పొచ్చుగా," అంది హర్షిణి. "అందరికీ చెప్తూనే ఉన్నాంగా."

"స్టేజీ మీద చెప్పడం వేరే. ఇంట్లో చెప్తే నన్నే తిడతారు."

శ్రీవిద్య ఫోన్ కవరు అంచు గోటితో గీరుతూ కూర్చుంది. "నీ మంచికేనే," అంది చివరికి. "ఇంటి దగ్గరైతే పాలూ గుడ్లూ అన్నీ ఉంటాయి. పరీక్షలంటావా, సప్లిమెంటరీలో రాసుకోవచ్చు."

తెలియక చేసే క్రూరత్వానికి ఎక్కడో ఒక ముగింపు ఉంటుంది, తెలియజెప్పవచ్చు. తెలిసినవాళ్ల ముందు హర్షిణికి చెప్పడానికి ఏమీ మిగలలేదు. డాక్టరు కాగితాన్ని వార్డెన్ మడిచి ఆమె చేతికే ఇచ్చింది.

మెట్ల దగ్గర ప్రీతి ఆమెను ఆపింది.

"మేం పంపించేశామని మీ నాన్నగారితో అనకే. ఆయన కాలేజీకి వచ్చారంటే బాగోదు. గురువారం ఉయ్యూరులో మన ప్రోగ్రాం ఉంది."

హర్షిణి అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"నేనే వచ్చేస్తానన్నాను నాన్నా. నీరసంగా ఉంటోంది... లేదు, వీళ్లు ఉండమనే అంటున్నారు. చాలా మంచివాళ్లు."

గొంతు ఎక్కడా తడబడలేదు. వాళ్ల ప్రేమ పోకుండా ఉండడానికి తాను ఇంతదూరం రాగలదని ఆమెకు అంతవరకూ తెలియదు. పోయిన ప్రేమకే ఈ కాపలా అని మాట్లాడుతుండగానే తెలిసింది. అయినా చెప్పవలసింది పూర్తిగా చెప్పింది.

ప్రీతి చివరిదాకా విన్నది.

"బాగా చెప్పావే," అంది. "నీ వేషం జూనియర్లలో ఎవరికిద్దామంటావ్?" అని అడిగింది.

హర్షిణి ఆలోచించి ఒక పేరు చెప్పింది.