పచ్చ అంటే ఏ పచ్చ?

ముందే ఒప్పేసుకుంటున్నాను. నాకు జీతమిచ్చేది యాప్‌లకి రంగులు ఎంచినందుకు. కానీ ఏ రంగు ఎందుకు ఎంచానో నాకే తెలియదు. కంటికి నచ్చింది పెట్టేసి, కారణం మీటింగులో పుట్టిస్తాను. "నీలం నమ్మకాన్నిస్తుంది" అంటే చాలు, బల్ల చుట్టూ తలలన్నీ ఊగుతాయి.

అందుకే బావ ఫోన్ చేసి, "ఏం మరదలా, పుట్టబోయే పాపాయి గదికి ఏ రంగు వేయించమంటావ్? నువ్వు ఎక్స్‌పర్ట్‌వి కదా" అన్నప్పుడు, చేతిలో ఉన్న అరటిపండు వైపు చూసి, "పసుపు. మెదడు చురుగ్గా పెరుగుతుంది" అన్నాను. బావ గోడలతో ఆగలేదు. కర్టెన్లు, దుప్పటి, బల్బు కూడా పసుపే తెచ్చాడు.

అక్క పాపతో ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్లాను. ఆ గదిలో అమ్మకీ, అక్క అత్తగారికీ పెద్ద చర్చ నడుస్తోంది.

"బంగారు ఛాయ వదినగారూ. అచ్చం మా వైపు రంగు" అంది అత్తగారు.

"మీ వైపా? మీ అబ్బాయిని పక్కన నిలబెట్టి చెప్పండి ఆ మాట."

"వాడు ఎండలో తిరిగి నల్లబడ్డాడు గానీ, పుట్టినప్పుడు నిమ్మపండే."

అక్క మాత్రం మంచం అంచున కూర్చుని పాప అరికాలు గీకుతోంది. "లేవట్లేదే. పొద్దుట్నుంచీ పాలు సరిగ్గా తాగలేదు."

"పడుకోనీ. నువ్వయితే ఏడ్చి ఏడ్చి మా ప్రాణాలు తీశావ్" అంది అమ్మ.

"కంగారెందుకు, యాప్ ఓకే చెప్పింది" అంటూ బావ ఫోన్ నా ముందు పెట్టాడు.

ఆ యాప్ మా ఆఫీసుదే. కొత్తగా పుట్టిన పిల్లల గురించి రోజూ కొన్ని ప్రశ్నలడుగుతుంది. "బిడ్డ ఒంటి రంగు ఎలా ఉంది?" అన్న ప్రశ్న కింద గులాబీ, పచ్చ, నీలం అని మూడు డబ్బాలు. "అమ్మేమో పచ్చగా మెరిసిపోతోంది అంది. అందుకని పచ్చ నొక్కా" అన్నాడు బావ. తెర మీద ఒక నవ్వు మొహం. కింద, "అంతా బాగుంది. అభినందనలు."

ఆ డబ్బాకి ఆకు రంగు పూసింది నేనే. యాప్‌ని తెలుగులోకి అనువాదం చేసినావిడ ఇంట్లో పచ్చ అంటే పసుపు, అలాగే రాసి పంపింది. మా ఇంట్లో పచ్చ అంటే ఆకు, అలాగే పూశాను. నా పక్క సీటు ప్రోగ్రామర్‌కి ఆకుపచ్చ అంటే సిగ్నల్ దగ్గర పోవచ్చని అర్థం, అతను నవ్వు మొహం తగిలించాడు. ఎవరి పని వాళ్లం శుభ్రంగా చేశాం.

"అక్కా, పాపని బాల్కనీలోకి తీసుకురా."

"ఎండ తగిలితే రంగు పోతుందమ్మా" అంది అత్తగారు. అక్క అప్పటికే లేచింది.

వెలుతుర్లో తెల్ల తువ్వాలు మీద పడుకోబెట్టాం. లోపల బంగారంలా ఉన్న పిల్ల బయట చెంపల నుంచి పొట్ట దాకా పసుపు ముద్దలా ఉంది. అక్క వేలితో రెప్ప ఎత్తింది. కంట్లో తెలుపు కూడా తెలుపు కాదు. అక్క వెంటనే చెప్పులు వేసుకుంది.

"పచ్చకామెర్లు. బాగా ఎక్కువగా ఉన్నాయి" అంది డాక్టరు. "ఇంత రంగు తిరిగితే ఇంట్లో ఎవరూ చూడలేదా?"

"చూశామండీ. బాగుందనుకున్నాం" అన్నాడు బావ.

"గది ఏం రంగు?"

"పసుపండీ. మెదడు చురుగ్గా పెరుగుతుందని..."

"ఎవరు చెప్పారు?"

నా వైపు చూడకుండా ఉండటానికి బావ చాలా కష్టపడ్డాడు.

పాప కళ్లకు గంతలు కట్టి, కామెర్లు తగ్గించే నీలం దీపాల కింద పడుకోబెట్టారు. నీలం నమ్మకాన్నిస్తుందని ఎన్ని మీటింగుల్లో చెప్పానో. ఆ గది అద్దం బయట నిలబడ్డాక మొదటిసారి ఆ మాట నిజమైతే బాగుండనిపించింది. మర్నాడు పాప ఆకలికి గుక్కపెట్టి ఏడ్చింది. అది విని అక్క కూడా ఏడ్చింది.

ఆఫీసులో ఆ డబ్బా మార్చాలని పట్టుబట్టాను. మాట పసుపు, రంగు పసుపు, నొక్కగానే "వెంటనే డాక్టరుకి చూపించండి" అని రావాలి.

"పసుపంటే మరీ వంటింటి మాటలా ఉంది. 'బంగారు ఛాయ' అందామా? ప్రీమియంగా ఉంటుంది" అన్నాడు మేనేజర్. "ఆ హెచ్చరిక కూడా యూజర్‌ని భయపెడుతుందేమో."

"భయపడాలి సార్. అందుకే."

ఒక్క తలా ఊగలేదు. జీవితంలో మొదటిసారి అసలు కారణం చెప్తే ఇదీ ఫలితం. అయినా నేను కుర్చీలోంచి లేవలేదు, వాళ్లకి లంచ్ టైమైంది, ఒప్పుకున్నారు.

బావ గదికి మళ్లీ రంగు వేయించాడు. "ఏ తెలుపు మరదలా? పాల తెలుపా, ముత్యం తెలుపా?" అని ఫోన్ చేశాడు. తెలుపంతే బావా, అన్నాను.

పాప ఇప్పుడు చక్కటి చామనఛాయలో, ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది. అత్తగారు మొన్న ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూసి, అమ్మ చేతికిచ్చేసింది.

"మీ వైపు రంగేలెండి వదినగారూ."

ఇంతకీ మీ ఇంట్లో పచ్చ అంటే ఏది, ఆకా, పసుపా? దాని మీద ఎప్పుడైనా గొడవైందా? కింద రాయండి. మా మేనేజర్‌కి చూపిస్తాను.