నాలుక మీద చిటికెడు

కట్టు విప్పగానే వచ్చిన కంపుకి వార్డుబాయి ముఖం తిప్పేసుకున్నాడు. నా భార్య అరికాల్లో గాజుపెంకు గుచ్చుకుని పడ్డ చిన్న గాటు అది. ఇప్పుడు చీలమండ దాకా నల్లబడింది.

"ఇన్నాళ్లూ ఏం మాత్రలు వేశారు?" అంది డాక్టరమ్మ.

"మా ఇంట్లో ఇంగ్లీషు మందు గడప తొక్కదండీ. మా బావ ఇచ్చే చూర్ణమే."

"అబద్ధాలాడకండి. ఇది మాత్రలు తిని తిని మొండికేసిన పురుగు. పరీక్ష వచ్చేదాకా ఆగలేం. ఏం వాడారో తెలిస్తే అది కానిదేదో వేస్తాను. లేదంటే మోకాలి కింద నుంచి కాలు తీసెయ్యాల్సిందే."

చూర్ణం ఇచ్చే ఆ బావ నా భార్యకి స్వయానా అన్న, మూలికావైద్యుడు. 'మాత్రలకు లొంగని జబ్బులకు మా మూలికలు' అని బోర్డు. ప్రతి రోగి ముందూ చిటికెడు తన నాలుక మీదే వేసుకునేవాడు. "నాకు పడనిది నీకివ్వను" అనేవాడు. జనం ఆ చిటికెడుకే పడిపోయేవారు. బడి ఎగ్గొట్టి రోకలి పట్టిన నాటి నుంచీ ఆ మూలికలన్నీ దంచింది నేను. పొడి కలిపేటప్పుడు మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. హస్తవాసి పోతుందట!

ఆసుపత్రి నుంచి పరుగున వెళ్లి బావ వైద్యశాల వెనకగది తలుపు తన్నాను. గడియ ఊడిపడింది. బావ తెల్లమాత్రలు కల్వంలో నూరుతున్నాడు.

"ఏం మాత్రలు ఇవి?"

"మెల్లగా మాట్లాడరా, బయట జనం ఉన్నారు."

జుట్టు పట్టి గోడకేసి కొట్టాను. అరలోని సీసాలు భళ్లున పగిలాయి. అతని నుదురు చిట్లి రక్తం చూర్ణంలో కారింది.

"పేరు చెప్పు! నీ చెల్లెలి కాలు తీసేస్తారట!"

"నాకేం తెలుసు? ఏది దొరికితే అది కలిపాను. మాత్రల అట్టలు ఎప్పటికప్పుడు పొయ్యిలో వేసేశాను."

"దానిక్కూడా ఇదే ఇచ్చావా?"

"తొందరగా తగ్గాలని ఏడ్చింది కదరా..."

అతని కుడిచెయ్యి బండ మీద అదిమి రోకలి దించాను. శొంఠికొమ్ములు నలిగిన చప్పుడే వచ్చింది. మళ్లీ దించాను.

అరుపులకి రోగులు లోపలికి తోసుకొచ్చారు. మాత్రలు చూపించాను. "అయితే ఏంట్రా? మాకు తగ్గింది! దేవుడిలాంటి మనిషిని కొడతావా?" అంటూ నన్నే కింద పడేసి తొక్కారు. దగ్గుతో నడవలేనన్న ముసలాయన నా డొక్కలో తన్నిన తన్నుకి పక్కటెముక విరిగింది. ఏం బలం వచ్చిందో మహానుభావుడికి!

నేను పాక్కుంటూ ఆసుపత్రి చేరేసరికి కాలు తీసేశారు.

వారం తిరక్కుండా బావని అదే వార్డుకి తెచ్చారు. నలిగిన చెయ్యి మోచేతి దాకా నల్లబడింది. అదే కంపు. డాక్టరమ్మ అదే ప్రశ్న వేసింది. బావ నా వైపు చూశాడు.

"చెప్పు బావా," అన్నాను. "రోజూ నాలుక మీద వేసుకున్నది నువ్వే కదా."