ఎర్రగీత దాటని నీళ్ళు

డెల్మర్ క్రుపిచ్కా సీసాను రెండు చేతులా పట్టుకుని గిలక్కొట్టి షెడ్డు కిటికీలో పెట్టాడు. ఒకప్పుడది దోసకాయ ఊరగాయ సీసా. మీద ఎర్రగీత భార్య ఇర్మా గోళ్ళరంగుతో గీసింది. గీత దాకా నీళ్ళు, ఆపైన కారు పెట్రోలు. పెట్రోల్లో ఆల్కహాల్ కలిసి ఉంటే అది నీళ్ళలోకి దిగుతుంది, నీళ్ళు గీత దాటి పైకొస్తాయి.

ఈ పూట దాటాయి.

"చచ్చాం," అన్నాడు డెల్మర్. ఎప్పుడూ తను పెట్రోలు తెచ్చుకునే బంకువాళ్ళు చెప్పాపెట్టకుండా సరుకు మార్చేశారు.

బయట ఇర్మా చర్చికి వేసుకెళ్ళే నీలం కోటు తొడుక్కుని, తలకు స్కార్ఫు కట్టుకుని మడతకుర్చీలో కూర్చుంది. షెడ్డు ముందున్న రెండు సీట్ల చిన్న విమానాన్ని డెల్మర్ తన చేతులతో కట్టినన్నాళ్ళూ ఆమెది ఒకటే మాట: "నువ్వెగురు, నన్ను పిలవకు." ఇవాళ పొద్దున్నే ఏమనిపించిందో, వస్తానంది. ఆలస్యమైతే మనసు మార్చుకుంటుందేమోనని అతని బెంగ.

పక్క పొలం గోర్డీ కంచె మీద మోచేతులు ఆనించి నవ్వాడు. "పెళ్ళికూతురు ముస్తాబై కూర్చుంటే సీసా ఊపుతావేంట్రా! చుక్క మందు పడితే నీ ఇంజను తూలుతుందా?"

"తూలదు. ట్యాంకు లోపలి జిగురు ఊడొస్తుంది. పైన ఊడితే నువ్వొచ్చి పట్టుకుంటావా?"

"అయితే దొరలా విమానాల పెట్రోలే కొనుక్కో."

"పాత కారు ఇంజన్రా అది. కారు తాగేదే తాగుతుంది."

తమాషా ఏమిటంటే, ఆ ఆల్కహాల్ తీసేది మొక్కజొన్నలోంచే. నెబ్రాస్కా మొక్కజొన్నను గోదాములో దించుతూనే డెల్మర్ బతుకంతా గడిచింది. ఇప్పుడు పెట్రోలు డబ్బాలు బండికెత్తుతుంటే ఎడమ భుజం లాగింది. బస్తాలు మోసిన పాత నొప్పేననుకుని స్టీరింగు పట్టుకున్నాడు. పక్క ఊళ్ళో రైతుల సంఘం బంకుకు వెళ్ళి, పంపు పక్కనే మళ్ళీ సీసా ఊపి చూసి మరీ నింపుకొచ్చాడు.

ఇర్మా కుర్చీలోనే ఉంది. కాకపోతే కోటు గుండీలన్నీ పెట్టేసుకుంది.

"లోపలికెళ్ళిపోయావేమో అనుకున్నా."

"ఎందుకు పోతాను? పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చున్నా."

గడ్డి మీంచి చక్రాలు లేచినప్పుడు ఆమె అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి వదిలేసి కిందికి వంగింది.

"అదేనా నా కూరమడి? అంతేనా! నడుం పడిపోయేలా తవ్వానే!"

ఆమె పడీపడీ నవ్వుతుంటే డెల్మర్‌కి కళ్ళు చెమర్చాయి. సంతోషమంటే ఇదేననిపించింది. ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు.

దిగాక ఇర్మా అంది, "రేపు మా చెల్లెలి ఇంటి మీదుగా తిప్పాలి. దాని కళ్ళు కుట్టాలి."

"తిప్పుతా. రేపటి డబ్బా కూడా సీసాలో ఊపి చూసొస్తా, నువ్వు సూపు పెట్టు."

సూపు చల్లారింది. ఇర్మా రెండుసార్లు కేకేసింది. విసుక్కుంటూ షెడ్డులోకి వచ్చింది, తలకు స్కార్ఫు ఇంకా అలాగే ఉంది. డెల్మర్ స్టూలు మీద గోడకానుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. చెంప ముట్టుకుంది, చల్లగా తగిలింది. అతని కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది.

"రేపన్నావు కదయ్యా," అంది.

కిటికీలో సీసా తేరుకుంది. నీళ్ళు సరిగ్గా ఎర్రగీత దగ్గరే ఆగి ఉన్నాయి.